మెత్తటి ఒంటి జీవులు రాయిలో ఎట్లా మిగులుతాయి? కడప, కర్నూలు రాళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కడప బండలో, బేతంచర్ల నాపరాళ్లో, తాడిపత్రి బండలో పరచని ఇల్లు మన సీమలో అరుదు. వాటి మీద కనిపించే గీతలు, మచ్చలు, "ఆకులు" ఫోటో తీసి ఇది శిలాజమేనా అని అడిగేవాళ్లు చాలామంది. ఆ ప్రశ్నలతో పాటు, ఎముక గానీ చిప్ప గానీ లేని జీవి కోట్ల ఏళ్లు ఎట్లా నిలుస్తుందన్న ప్రశ్నకూ కింద జవాబులున్నాయి. వరుసగానే చదవాలనేం లేదు.

మెత్తటి ఒంటి జీవులంటే ఏవి? వాటి మీద ఇంత ఆసక్తి ఎందుకు?

వానపాములు, జలగలు, జెల్లీ చేపలు, సముద్రపు పురుగులు, నాచు, బాక్టీరియా. ఒంట్లో గట్టి భాగమంటూ ఏదీ లేనివి. ఇప్పటి సముద్రాన్ని తీసుకున్నా అందులో ఇట్లాంటి జీవులే ఎక్కువ రకాలు. ఎముకలూ చిప్పలూ మాత్రమే చూసి పాత కాలపు జీవులను అంచనా వేస్తే సగం ఊరిని వదిలేసి జనాభా లెక్క రాసినట్టే.

మన దగ్గరి ఉదాహరణ చూడండి. బేతంచర్ల దగ్గర బిళ్లసర్గం గుహలున్నాయి. 1884-85 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ ఫూట్ అక్కడ తవ్వితే జంతువుల ఎముకలు, పళ్లు దండిగా దొరికాయి. భూమి వయసుతో చూస్తే అవి నిన్న మొన్నటివి. అయినా వాటి తోలు, కండ, పేగులు ఏవీ మిగల్లేదు. ఎముకకే గుహ లాంటి రక్షణ కావలసి వచ్చిందంటే, ఎముకే లేని పురుగు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఆక్సిజన్ లేని బురదలో కూరుకుపోతే కుళ్లదు కదా?

చాలామంది అట్లాగే అనుకుంటారు, పాఠ్యపుస్తకాలూ దాదాపు అదే చెబుతాయి. నిజానికి ఆక్సిజన్ లేకపోయినా బతికే బాక్టీరియాలున్నాయి. నీళ్లలోని సల్ఫేట్‌ను వాడుకుని అవి కండను బాగానే తినేస్తాయి. ఆక్సిజన్ లేకపోవడం వల్ల వచ్చే అసలు లాభం వేరు: పీక్కు తినే పెద్ద జీవులు, బురదను తిరగేసే పురుగులు అక్కడికి రావు. కుళ్లడం మాత్రం ఆగదు.

కుళ్లడానికి ఒక వరస కూడా ఉంది. 2010లో ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు లాంప్రే అనే దవడ లేని చేపలను, లాన్స్‌లెట్ అనే చిన్న సముద్ర జీవులను కావాలనే కుళ్లబెట్టి చూశారు. ఏ జీవి ఏ గుంపుదో పోల్చుకోవడానికి పనికొచ్చే గుర్తులే ముందు పోయాయి. మోటు గుర్తులు చివరిదాకా ఉన్నాయి. అంటే సగం కుళ్లి రాయైన జీవి, తన అసలు స్థాయికన్నా పాతకాలపు జీవిలాగా కనబడుతుంది. శిలాజం దొరికినా అది పూర్తి నిజం చెప్పకపోవచ్చన్నమాట.

మరి కుళ్లేలోపు దాన్ని పట్టి నిలిపేది ఏమిటి?

ఖనిజం. శరీరం మాయమయ్యేలోపే చుట్టూ గానీ లోపల గానీ ఏదో ఒక ఖనిజం గట్టిపడాలి. కుళ్లడానికీ గట్టిపడడానికీ మధ్య పరుగు పందెం అది, చాలాసార్లు కుళ్లడమే గెలుస్తుంది. గట్టిపడడం గెలిచిన చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి, ఒక్కోచోట ఒక్కో దారి.

అన్నిటికన్నా పేరున్నది కెనడాలోని బర్జెస్ షేల్. 1909లో అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ వాల్కాట్ కంట్లో పడింది. వయసు 50.8 కోట్ల సంవత్సరాలు. సముద్రం అడుగున సన్నటి బంకమట్టి ఉన్నట్టుండి జారి వచ్చి జీవులను కప్పేసింది. ఆ వెంటనే మట్టి పొర పైభాగంలో సున్నపు ఖనిజం పేరుకుని మూతలాగా బిగిసింది. పైనున్న నీళ్లలోంచి సల్ఫేట్ లోపలికి దిగలేదు, లోపలి బాక్టీరియాకు తిండి సాగలేదు. మిగిలింది పలచటి కార్బన్ పొర, దానిలోనే కళ్లు, పేగులు, కాళ్లు. చైనాలో యునాన్ రాష్ట్రంలోని చెంగ్‌జియాంగ్ కూడా ఇదే కోవలోది, ఇంకా పాతది, 51.8 కోట్ల ఏళ్లు. 1984లో హౌ షియాన్‌గువాంగ్ కనిపెట్టారు.

స్కాట్లండ్‌లోని రైనీలో వేడినీటి బుగ్గల సిలికా మొక్కలను ముంచేసి చెకుముకి రాయిగా మార్చింది. 40 కోట్ల ఏళ్ల కిందటి ఆ మొక్కల్లో ఒక్కొక్క కణం గోడ కనిపిస్తుంది. జర్మనీలోని హున్స్‌రుక్ పలకరాళ్లలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఆ పని చేసింది. ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో అగ్నిపర్వతపు బూడిద చేసింది. అక్కడి శిలాజాలను రాయి నుంచి విడదీయడం కుదరదు కాబట్టి, కొంచెం కొంచెంగా అరగదీస్తూ ప్రతి పొరనూ ఫోటో తీసి కంప్యూటర్‌లో బొమ్మ కట్టారు. శిలాజం పోతుంది, దాని రూపం మిగులుతుంది. ఆ పద్ధతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసొప్పదు, కానీ వేరే దారి లేదు.

నాకు బాగా నచ్చేది అమెరికాలోని మేజన్ క్రీక్ గుండ్లు. జీవి కుళ్లుతుంటే చుట్టూ నీటి రసాయనం మారి, ఇనుప కార్బొనేట్ పేరుకుని గుండ్రటి రాయి కట్టింది. అంటే కుళ్లడమే కాపాడింది. పైన మట్టి బరువు పడేలోపే గుండు బిగిసింది కాబట్టి జీవి నలిగిపోలేదు. అక్కడ సేకరించేవాళ్లు సుత్తి వాడరు, గుండును నీళ్లలో నానబెట్టి గడ్డకట్టించి మళ్లీ కరిగిస్తారు. కొన్నిసార్లు చేస్తే అదే విచ్చుకుంటుంది.

మన రాళ్లలో ఇట్లాంటివి ఉన్నాయా?

జంతువులు లేవు. సూక్ష్మజీవులు ఉన్నాయి, అవీ ఒంట్లో గట్టి భాగం లేనివే.

వేంపల్లె రాళ్లలో డోలోమైట్ (సున్నపురాయి లాంటి రాయి) మధ్య చెకుముకి రాయి పట్టీలు ఉంటాయి. 1978లో విలియం షాఫ్, కె.ఎన్. ప్రసాద్ అనే శాస్త్రవేత్తలు అక్కడి స్ట్రొమాటొలైట్లలో, అంటే సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన రాతి కట్టడాల్లో, సూక్ష్మజీవుల శిలాజాలను ప్రకటించారు. రైనీ మొక్కలను కాపాడిన సిలికానే ఇక్కడా పనిచేసింది, కాకపోతే దానికి వంద కోట్ల ఏళ్లకు పైగా ముందు. ఆ తర్వాత 2012లో కర్నూలు వైపు అవుకు షేల్‌లో ఒబ్రుషెవెల్లా అనే స్ప్రింగు ఆకారపు సూక్ష్మశిలాజాన్ని ప్రకటించారు. అవుకు షేల్ అంటే అవుకు చుట్టుపక్కల పొరలు పొరలుగా విరిగే ఆ సన్నటి రాయే.

ఈ రాతి వరసల పేర్లన్నీ మన ఊళ్లవే. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక అచ్చు వేశాడు. అన్నిటికన్నా అడుగున ఉన్న గుల్చేరు క్వార్ట్‌జైట్ (బాగా గట్టిపడ్డ ఇసుకరాయి) పేరు గువ్వలచెరువుది. అక్కడ ఆగి పాలకోవా తినే ప్రతివాడూ ఆ రాయి పక్కనే నిలబడి తింటాడు.

జంతువులు ఎందుకు లేవు? సరిగా వెతకలేదా?

వెతకకపోవడం కొంత నిజమే కానీ, పెద్ద కారణం వయసు. పులివెందుల దగ్గర కడప రాళ్ల పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చిన నల్లరాతి పట్టీ వయసు 188.5 కోట్ల సంవత్సరాలు. దానికి చోటిచ్చిన పొరలు ఇంకా పాతవి. కంటికి కనిపించే జంతువుల నమ్మకమైన శిలాజాలు సుమారు 57 కోట్ల ఏళ్ల కిందట మొదలవుతాయి. ఈ రాళ్లలో జంతువును వెతకడం, తాత పుట్టకముందు తీసిన ఫోటోలో మనవణ్ని వెతకడమే.

కర్నూలు వరస రాళ్లు వయసులో వీటికన్నా చాలా చిన్నవి. అందుకు ఒక ఆధారం వానాకాలం పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లకు తెలిసినదే. బనగానపల్లె రాళ్లలోని గులకరాళ్ల పొరలో వజ్రాలున్నాయి. అవి వజ్రకరూరు కింబర్లైట్ పైపుల (భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి తెచ్చిన అగ్నిపర్వతపు గొట్టాల) నుంచి కొట్టుకొచ్చాయని అనుకుంటే, ఆ పైపుల వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు కాబట్టి కర్నూలు రాళ్లు అంతకన్నా తర్వాతివి. ఎంత తర్వాతివన్న దాని మీద వాదన నడుస్తూనే ఉంది. కాబట్టి కొత్త సంగతి ఏదైనా బయటపడితే అది కడప వరసలో కన్నా కర్నూలు వరసలోనే బయటపడే అవకాశం ఎక్కువ.

ఒకసారి రాయిలో పడ్డాక ఇక భద్రమే కదా?

కాదు. చాలా శిలాజాలు పోయేది ఆ తర్వాతే. ఈ సంగతిని చాలామంది పట్టించుకోరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు బరువు. తాజా బురదలో సగానికి పైగా నీళ్లే. పైన పొర మీద పొర పడేకొద్దీ నీళ్లు పిండుకుపోయి, లోపలి జీవి కాగితమంత పలచగా అణిగిపోతుంది. తర్వాత వేడి. లోతుకు పోయేకొద్దీ కార్బన్ పొరలోని మిగతా మూలకాలు ఆవిరై, రంగు గోధుమ నుంచి నలుపుకు మారుతుంది. ఇంకా కాలితే గ్రాఫైటే మిగులుతుంది. ఆకారం ఉండొచ్చు గానీ ఆ జీవి రసాయనం పోతుంది.

దీనికి మంచి సాక్ష్యం డికిన్సోనియా. 1946లో రెజినాల్డ్ స్ప్రిగ్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియకరా కొండల్లో మెత్తటి జీవుల అచ్చులు చూశాడు. చాపలాగా పరుచుకున్న డికిన్సోనియా వాటిలో అన్నిటికన్నా పేరున్నది. అది జంతువా, నాచా, శిలీంధ్రమా అని దశాబ్దాలు కొట్లాడుకున్నారు. 2018లో ఇల్యా బొబ్రొవ్‌స్కీ బృందం దానిలో కొలెస్ట్రాల్ ఆనవాళ్లు చూపించి జంతువేనని తేల్చింది. అయితే ఆ నమూనా ఆస్ట్రేలియాది కాదు, రష్యాలో తెల్ల సముద్రపు ఒడ్డుది. ఆస్ట్రేలియా రాళ్లు వేడికీ ఒత్తిడికీ గురై, పైగా ఎండకు వానకు పాడైపోయాయి. రష్యా రాళ్లు మాత్రం దాదాపు కాలకుండా ఉండిపోయాయి. జీవి అదే. పాతిన తర్వాత రాయి పడ్డ పాట్లు వేరు.

మన దగ్గర వేడి ఎట్లా పనిచేసిందో చూడాలంటే పులివెందుల దగ్గరి రాతినార (ఆస్బెస్టాస్) గనుల కథ చాలు. కరిగిన నల్లరాయి డోలోమైట్‌లోకి చొచ్చుకొచ్చిన చోట, ఆ అంచు కాలి రాతినార పుట్టింది. ఆ అంచులో సూక్ష్మశిలాజం కోసం వెతికి లాభం లేదు. కొంచెం దూరం జరిగితే అదే రాయి చెక్కుచెదరకుండా ఉంటుంది.

మరి కొండలు మడతపడితే?

ఇదే అన్నిటికన్నా పెద్ద దెబ్బ, దీన్ని మన ఇంటి దగ్గరే చూడొచ్చు. గండికోట లోయలో పెన్నా కోసిన గోడ చూడండి, పొరలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. తాడిపత్రి వైపూ అంతే. అదే తూర్పుకు పోయి నల్లమల ఎక్కితే పొరలు నలిగి, మడతపడి, నిలువుగా లేచి ఉంటాయి.

చిన్నప్పుడు బలపం పట్టి రాసిన మార్కాపురం పలక ఆ నలిగిన రాయిదే. బురద పొరలుగా పేరుకున్నప్పుడు జీవి పడుకునేది పొర మీద. తర్వాత పక్కల నుంచి ఒత్తిడి పడితే రాయిలోని సన్నటి ఖనిజాలన్నీ ఒత్తిడికి అడ్డంగా తిరిగి కొత్త వరస కడతాయి. పలక విడిపోయేది ఆ కొత్త వరస వెంట, పాత పొర వెంట కాదు. లోపల శిలాజం ఉన్నా అది మనకు ముఖం చూపించదు, సన్నటి గీతగా అడ్డంగా తెగిపోతుంది. పైగా ఒక పక్కకు సాగిపోయి కూడా ఉంటుంది.

అయితే మడతపడ్డ ప్రతిచోటా ఆశ వదులుకోవాలని కాదు. హున్స్‌రుక్‌లో పాత పొర, కొత్త వరస రెండూ చాలావరకు కలిశాయి కాబట్టి పలకరాయిలోనే సముద్ర నక్షత్రాలు బయటపడ్డాయి. బర్జెస్ షేల్ కూడా బాగా వేడెక్కిన రాయే. పక్కనే ఉన్న గట్టి సున్నపురాతి గోడ ఒత్తిడిని తాను తీసుకోవడం వల్ల దాని నీడలో ఉన్న షేల్ అంతగా నలగలేదు.

ఇసుకరాయిలో మెత్తటి జీవులు దొరకవంటారు, ఎడియకరా ఇసుకరాయే కదా?

మంచి ప్రశ్న. మామూలుగా ఇసుక పనికిరాదు, గాలీ నీళ్లూ దాని సందుల్లోంచి పారుతూ ఉంటాయి. ఎడియకరా జీవులు బతికిన కాలంలో సముద్రం అడుగున సూక్ష్మజీవుల చాప పరుచుకుని ఉండేది. ఇసుక మీద పడ్డాక ఆ చాప కుళ్లుతూ ఇనుప ఖనిజాన్ని పుట్టించి, జీవి పై ముఖం మీద అచ్చులాగా బిగించింది. ఆ తర్వాత జంతువులు బురదను తవ్వడం, చాపను మేయడం నేర్చుకున్నాయి, ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. గండికోట క్వార్ట్‌జైట్ మీద అలల గుర్తులు కనిపిస్తే ఇసుక ఒడ్డు గుర్తుకు రావాలి గానీ జెల్లీ చేప కాదు.

మా ఇంటి బండ మీద చెట్టుకొమ్మ లాంటి నల్లటి బొమ్మ ఉంది. ఇది శిలాజమేనా?

నూటికి తొంభై తొమ్మిదిసార్లు కాదు. దాన్ని డెండ్రైట్ అంటారు. మాంగనీస్, ఇనుము కలిసిన నీళ్లు రాతి పొరల మధ్య సందులోకి ఇంకి, ఆ ఖనిజం కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. దానికి ఏ జీవితోనూ సంబంధం లేదు.

భూతద్దం తీసుకుని తీరిగ్గా చూడండి. మొదలు ఎక్కడుంది? సాధారణంగా బండ అంచులోనో పగులులోనో ఉంటుంది, అక్కడి నుంచి లోపలికి కొమ్మలు వేస్తుంది, నీళ్లు వచ్చిన దారి అదే కాబట్టి. ఆకు అయితే మధ్య ఈనె, దాని నుంచి రెండు పక్కలకూ చిన్న ఈనెలు, చుట్టూ ఒక అంచు ఉండాలి. డెండ్రైట్‌కు ఈనె ఉండదు, అంచు ఉండదు, కొమ్మ చివర్లు పొగచూరినట్టు అయిపోతాయి. బండను అడ్డంగా కోసిన పక్కను చూస్తే ఆ నలుపు పైపై పొరే, లోపలికి పోదు. చివరి మాట: మన బండలున్న కర్నూలు వరసలోని నార్జి సున్నపురాయి పేరుకునే నాటికి నేల మీద ఆకులున్న చెట్టే లేదు.

కాబట్టి "శిలాజం బండ" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే తొందరపడి కొనేయకండి. బొమ్మ బాగుందనిపిస్తే బొమ్మగా కొనుక్కోండి.

శాస్త్రవేత్తలు కూడా ఇట్లా పొరబడతారా?

పడతారు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహ పైకప్పు మీద డికిన్సోనియా ఉందని 2021లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. దేశమంతా వార్తైంది. 2023లో ఇంకో బృందం వెళ్లి చూస్తే అది పెద్ద తేనెపట్టు రాలిపోయాక మిగిలిన మరక. మొదటి బృందమే పొరపాటును ఒప్పుకుంది. ఆకారం ఒక్కటే చాలదనడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఏ పొర, ఏ వైపు, రాయి లోపలికి ఎంతవరకు ఉంది, ఈ మూడూ చూడనిదే ఒప్పుకోకూడదు.

బండలో గుండ్రంగా పొరలు పొరలుగా కనబడేది ఏమిటి?

అదైతే ఆనందపడొచ్చు, బహుశా స్ట్రొమాటొలైట్. ఎర్రగడ్డను సగానికి కోస్తే కనిపించే పొరల్లాగా, ఒకదాని మీద ఒకటి పైకి ఉబ్బిన సన్నటి వంపులు. లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవుల చాప సన్నటి సున్నపు మట్టిని పట్టుకుంటూ పొర మీద పొర కట్టిన కట్టడం అది. జీవి శరీరం కాదు, జీవి కట్టిన ఇల్లు. వేంపల్లె, తాడిపత్రి రాళ్లలో ఇవి బాగా ఉన్నాయి. వంపు ఎప్పుడూ పైకే ఉబ్బుతుంది కాబట్టి పొర తలకిందులైందా లేదా అని చెప్పడానికీ పనికొస్తుంది.

ముగ్గురాయి గనుల్లో, తుమ్మలపల్లెలో ఏమైనా దొరుకుతాయా?

మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) అగ్నిపర్వతపు పనితో ముడిపడ్డది, శిలాజాల కోసం వెళ్లాల్సిన చోటు కాదు. తుమ్మలపల్లె యురేనియం ఉన్న డోలోమైట్‌లో ఫాస్ఫేట్ కూడా ఉంది. చైనాలోని దౌషాంతువోలో పిండాల కణాలను సైతం కాపాడింది ఫాస్ఫేటే. అంతమాత్రాన ఫాస్ఫేట్ ఉన్నచోటల్లా శిలాజం ఉంటుందని కాదు. గనిలోకి మనల్ని పోనివ్వరు కూడా.

నల్ల బండలో శిలాజాలు ఎక్కువా?

నలుపు చాలాసార్లు కార్బన్ వల్లే కాబట్టి ఆశ పడొచ్చు, అంతే. అది నలిగి పొడి అయిన కార్బనే కావచ్చు.

మన ఎండలు, వానలు శిలాజాలను ఏం చేస్తాయి?

మేలూ కీడూ రెండూ. పైరైట్ ఉన్న రాయి తడిస్తే అది తుప్పుగా, ఆమ్లంగా మారి చుట్టూ తినేస్తుంది. సున్నపురాయి వాననీటికి కరుగుతుంది, బెలుం గుహలు అట్లా పుట్టినవే. కానీ చెంగ్‌జియాంగ్‌లో ఆ తుప్పే ఎర్రటి రంగు వేసి, పసుపు రాయి మీద జీవులను స్పష్టంగా చూపించింది. అవుకు షేల్ లాంటి మెత్తటి రాయి బయటపడితే త్వరగా మట్టవుతుంది. రోడ్డు కోసమో కాలువ కోసమో కొత్తగా కోసిన గట్టు మొదటి ఒకటి రెండు వానాకాలాల్లోనే చూడాలి.

ఏదైనా దొరికిందనిపిస్తే ఏం చేయాలి?

రాయిని కదిలించకుండా ముందు ఫోటో తీయండి. ఉదయం గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తీస్తే ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. పక్కన రూపాయి బిళ్ల పెట్టండి. పై ముఖం, అడ్డంగా తెగిన పక్క, చుట్టూ ఉన్న గట్టు, మూడూ కావాలి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి పెట్టుకోండి. బాత్రూం యాసిడ్ పోసి కడగొద్దు, నూనె రాసి మెరిపించొద్దు. యాసిడ్ పోస్తే సున్నపురాతి మీద ఉన్నదంతా పొంగి పోతుంది. తర్వాత కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోని జియాలజీ విభాగానికో, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో చూపించండి. క్వారీలో అయితే యజమానిని అడగకుండా లోపలికి పోవద్దు, బ్లాస్టింగ్ టైం కనుక్కోకుండా అసలే పోవద్దు.